పట్నంలో ఒక గది



దోస్త్‌లో డిగ్రీ సీటు ఖాయమైన ఇళ్ళు, సీపీగెట్ రాసి ఉస్మానియాలో పీజీ సీటు తెచ్చుకున్న పిల్లలున్న ఇళ్ళు ఏటా ఈ కాలంలో వికారాబాద్, తాండూరు, పరిగి, బషీరాబాద్ వైపు చాలానే ఉంటాయి. ఏ కాలేజీ, ఏ గ్రూపు అని నెలల తరబడి తర్జనభర్జన పడిన ఇల్లు, పిల్ల ఎక్కడుంటుంది, పిల్లవాడు ఎవరితో ఉంటాడు అన్న సంగతిని మాత్రం ఒక్క పూటలో తేల్చేస్తుంది. "పక్కింటోళ్ళ పిల్లగాడు దిల్‌సుఖ్‌నగర్‌ల ఉంటుండట, వాని రూంలనే వేద్దాం" అంటారు. అంతే, ట్రంకు పెట్టె సర్దేస్తారు. కాలేజీ నాలుగు కిలోమీటర్లా, పద్దెనిమిది కిలోమీటర్లా అని అడిగేవాళ్ళుండరు. ఆ రూంలో ఇప్పటికే ఎంతమంది ఉన్నారో, వాళ్ళు చదువుకుంటున్నారో లేదో కనుక్కునేవాళ్ళూ తక్కువే.

కాలేజీలో గడిచేది రోజుకు ఆరేడు గంటలు. మిగతాదంతా ఆ గదిలోనే. నిద్ర, తిండి, చదువు, దిగులు, సోపతి అన్నీ అక్కడే. మొదటి సంవత్సరంలో చదువు మానేసి ఊరికి తిరిగొచ్చిన పిల్లల్ని మెల్లగా అడిగి చూడండి. పాఠం అర్థం కాక వచ్చామని చెప్పేవాళ్ళు కొందరే. నిద్ర పట్టలేదని, తిండి పడలేదని, రూంలో పడలేదని చెప్పేవాళ్ళే ఎక్కువ. అందుకే ఈ పూట గది గురించీ, ఆ గదిలో మరో ముగ్గురితో కలిసి బతకడం గురించీ మాట్లాడదామనుకున్నాను.

అసలు పట్నంలో ఉండాలా, రోజూ పోయి రావాలా అన్నది ముందు తేల్చుకోవలసిన మాట. మనకు రైలుంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా ఈ లైను 1874లోనే పడింది. వికారాబాద్ నుంచి హైదరాబాద్ డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, తాండూరు నుంచి నూట పది దాకా. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు కాబట్టి తాండూరువాళ్ళకూ అందుతుంది, విద్యార్థులకు రాయితీ కూడా ఉంది. ఇక 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. దాంతో చాలా ఇళ్ళలో లెక్క మారిపోయింది. "చార్జీ లేదు గద, పోయిరానీ" అంటున్నారు.

చార్జీ లేదు, నిజమే. పొద్దుమాత్రం ఖర్చవుతుంది. వికారాబాద్‌లో రైలెక్కితే లింగంపల్లికి గంట, గంటంబావు. తాండూరు నుంచైతే ఇంకో ముప్పావు గంట కలపాలి. దిగిన చోటినుంచి కాలేజీ ఎంత దూరమన్నదే మిగతా కథంతా. లింగంపల్లి పక్కనే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, గచ్చిబౌలి కొండాపూర్ వైపు కాలేజీకో అయితే వికారాబాద్ పిల్లలు రోజూ పోయి రాగలరు. అదే తార్నాకకో, కోఠీకో అయితే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ పట్టుకుని ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ దాకా వెళ్ళే దారి ఉంది గానీ, ఆ రైలు వేళా మన రైలు వేళా కలిసిరావాలి. కలవని రోజున ఇంటినుంచి కాలేజీకి మూడు గంటలు, తిరిగి రావడానికి మూడు గంటలు. సైన్సు పిల్లలకు సాయంత్రం ల్యాబు ఉంటుంది. ల్యాబు సగంలో వదిలేసి రైలుకు పరుగెత్తే పిల్ల ఆ సెమిస్టరులో ఏం నేర్చుకుంటుంది? నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. గడప దాటినప్పటినుంచి తరగతి గదిలో కూచునేదాకా రెండు గంటలు దాటితే పట్నంలో ఉండడమే మేలు. తాండూరు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ గీతకు అవతలే ఉంటారు.

ఊరు వదిలి పట్నంలో ఉండి చదువుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1918లో నిజాం పోలీసు అధికారి రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపన ఫర్మానా వచ్చి ఏడాదే అయింది. జిల్లాల నుంచి చదువుకోసం వచ్చే కుర్రవాళ్ళకు పట్నంలో తలదాచుకునే చోటు లేదు, చోటు లేకపోతే చదువే లేదు. ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు హాస్టళ్ళు కట్టారు. రచయిత సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలుగు చదువుకునే వీలు తక్కువగా ఉన్న నిజాం కాలంలో, అలాంటి వసతి గృహాల్లో గడిపిన సాయంత్రాలు ఒక తరాన్ని తయారు చేశాయి. 1938లో ఉస్మానియా హాస్టళ్ళ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని బయటికి పంపేస్తే, వాళ్ళలో చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు కొనసాగించారు. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళు గనుక ఒకే మాట మీద నిలబడగలిగారు.

అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కాలపు హాస్టళ్ళు చాలావరకు కులాల పేరు మీదే వెలిశాయి. వెనక డబ్బున్న పెద్దలు లేని కులాల పిల్లలకు ఆ గుమ్మాలు కూడా లేవు. ఆ లోటు పూడ్చింది తర్వాత వచ్చిన ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు వాటిని ఊరూరికీ విస్తరించాలని పట్టుబట్టి పనిచేశారు. ఈ రోజు మన మండల ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న ఎంతోమంది ఆ హాస్టల్ అన్నం తిని పైకొచ్చినవాళ్ళే.

కాబట్టి వసతి వెతికేటప్పుడు నేను మొదట చూడమనేది కాలేజీ హాస్టల్, యూనివర్సిటీ హాస్టల్, ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ శాఖల పోస్ట్‌మెట్రిక్ హాస్టల్. అవి దొరకనప్పుడే ప్రైవేటు. చాలామంది పిల్లలు దీన్ని తిరగేస్తారు. హాస్టల్ అంటే నామోషీ అనుకుని, దరఖాస్తు గడువు దాటిపోనిచ్చి, తర్వాత నెలకు ఏడెనిమిది వేలు పెట్టి అంతకన్నా అధ్వానమైన చోట ఉంటారు. సంక్షేమ హాస్టళ్ళలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవాళ్ళ డైట్ చార్జీలను 2024లో నెలకు 1500 రూపాయల నుంచి 2100కు పెంచారు. చాలీచాలని డబ్బే అయినా, కూలినాలి చేసే ఇంటికి ఆ భారం తప్పడం చిన్న సంగతి కాదు. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపేటప్పుడు హాస్టల్లో ఉంటున్నారా, ఇంటినుంచి వస్తున్నారా అన్నదాన్ని బట్టి మెయింటెనెన్స్ డబ్బు మారుతుంది. ఆ గడి సరిగా నింపండి. తప్పు నింపి ఏడాదంతా తిరిగే పిల్లలున్నారు.

ఉస్మానియాలో నాన్‌బోర్డర్ అన్న మాట వినే ఉంటారు. సీటు ఒకరిది, ఆ గదిలో ఉండేది మరొకరు కూడా. ఊరివాడో, తమ్ముడి దోస్తో కష్టంలో ఉంటే పక్కన చోటిచ్చే మంచితనంలోంచి పుట్టిన అలవాటది. పోటీ పరీక్షలకు చదివే పేద పిల్లలకు ఏళ్ళ తరబడి ఆసరా అయింది కూడా. కానీ ఇద్దరుండే గదిలో ఐదుగురైనప్పుడు నష్టపోయేది కొత్తగా వచ్చిన జూనియరే. సీటు తనదే అయినా మూల తనది కాదు. చోటు ఇచ్చేటప్పుడే ఎన్నాళ్ళకో మాట్లాడుకోవాలి, ఆ మాట గదిలో ఉన్న అందరి ముందూ అనాలి.

ఇక ప్రైవేటు హాస్టళ్ళు, పేయింగ్ గెస్ట్ వసతులు. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అని బోర్డులు కనిపిస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తండ్రీ కొడుకులు వచ్చి చూస్తారు. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో చికెన్ పెడతారు, సగం మంది ఊళ్ళకు పోయి ఉంటారు, గది ఖాళీగా, కుళాయి ధారగా ఉంటుంది. చూడవలసింది అప్పుడు కాదు. మామూలు రోజున పొద్దున ఏడున్నరకు వెళ్ళండి. బాత్రూంల ముందు ఎంతమంది నిలబడ్డారో, బకెట్లు వరసలో ఉన్నాయో లేదో కనిపిస్తుంది. వార్డెన్ చెప్పేది విన్నాక, మెట్ల మీద దిగుతున్న పిల్లల్లో ఒకర్ని ఆపి "నిన్న రాత్రి కూర ఏంటి?" అని అడగండి. వాళ్ళ ముఖంలోనే జవాబు ఉంటుంది.

గదిలోకి వెళ్ళాక మంచం మీది పరుపు ఒక మూల ఎత్తి చూడండి. కుట్టు వెంబడి, చెక్క అతుకుల్లో నల్లటి చుక్కలు ఉంటే నల్లులున్నట్టే. పరుపు మార్చినా అవి పోవు, ఆ గది వద్దు. కిటికీ తెరుచుకుంటుందా, తెరిస్తే గాలి వస్తుందా, ఎదురు గోడ అడ్డమా? మంచానికొక ప్లగ్గు ఉందా, నలుగురూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వేలాడుతున్నారా? చలికాలంలో ఆ బోర్డుకే నీళ్ళు కాచే రాడ్డు కూడా తగిలిస్తారు. మెట్లు ఒక్కటేనా, రెండో దారి ఉందా అని చూడడం మాత్రం ఎవరూ మరవకూడదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో, కింది ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు ఎక్కి 8 మంది పోయారు. కింద బండ్ల చార్జింగ్, పైన గదులు, మధ్యన ఒకే మెట్లదారి ఉన్న భవనాలు మన పిల్లలుండే వీధుల్లోనూ ఉన్నాయి.

నీళ్ళ గురించి విడిగా అడగాలి. మంజీర నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, బోరు ఎండాకాలంలో పోస్తుందా, ట్యాంకరు తెప్పిస్తే ఆ డబ్బు ఎవరిది? మన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ మీదే గండిపేట చెరువు కట్టి ఒకప్పుడు పట్నానికంతా నీళ్ళిచ్చారు. ఈ రోజు ఆ అనంతగిరి కింది పిల్ల పట్నం వెళ్ళి మార్చి నెలలో బకెట్ నీళ్ళకు లెక్క చూసుకుంటోంది. జూన్‌లో గది చూసేవాళ్ళకు ఈ ఇబ్బంది కనబడదు. అందుకే పోయిన ఎండాకాలం అక్కడే ఉన్న పిల్లల్ని పట్టుకుని అడగాలి.

డబ్బు విషయం నోటిమాట మీద వదలొద్దు. అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రసీదు మీద రాయించుకోండి. కొన్ని చోట్ల జీఎస్టీ పేరుతో అదనంగా అడుగుతారు. నెలకు 20 వేలు మించని వసతి, కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ళకైతే జీఎస్టీ లేదని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. మన పిల్లలుండే హాస్టళ్ళన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇంకొకటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి. గుర్తింపు కోసం అడిగితే ఆధార్ జిరాక్సు ఇవ్వండి, అదీ మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని.

కొందరు నలుగురు కలిసి రూం కిరాయికి తీసుకుంటారు. వంట చేసుకోవచ్చు, ఖర్చు తగ్గుతుంది, జొన్నరొట్టె తినొచ్చు. తాండూరు పిల్లలకు ఈ జొన్నరొట్టె సంగతి మామూలుది కాదు, మూడు పూటలా హాస్టల్ అన్నం తినలేక బయటికొచ్చిన పిల్లల్ని చూశాను. కానీ రూం వెతకబోతే ఇంటి ఓనరు అడిగే మొదటి ప్రశ్న కిరాయి గురించి ఉండదు. "మీరేమిట్లు?" అంటారు. కులం చెబితే ఒక మొహం, మతం చెబితే ఇంకో మొహం. టూలెట్ బోర్డు ఉన్న ఇల్లే అప్పటికప్పుడు "ఇచ్చేసినం" అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి పట్నం మొదట నేర్పే పాఠం ఇదే అయినందుకు మనం సిగ్గుపడాలి. ఆ పిల్లవాడితో రూం వెతకడానికి వెళ్ళిన మిగతా ముగ్గురూ అప్పుడేం చేస్తారన్నది నాకు ముఖ్యం. "వాడు లేకుండా మేం ముగ్గురం ఉంటాం" అన్నవాళ్ళూ ఉన్నారు, "అట్లయితే మాకీ ఇల్లు వద్దు" అని నలుగురూ మెట్లు దిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ మెట్లు దిగిన నలుగురు తర్వాత దొరికిన గదిలో ఎట్లా ఉంటారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి. అందులో నలుగురి పేర్లూ ఉండేలా చూసుకోండి. ఒక్కరి పేరే ఉంటే అడ్వాన్స్ తిరిగొచ్చే రోజున గొడవ. దిగిన రోజే కరెంటు సబ్ మీటరు రీడింగు ఫోటో తీసి ఓనరుకు పంపండి. గ్యాసుకు బండి మీద చిన్న సిలిండరు నింపించుకునే పని మానేయండి, అది ప్రమాదం. ఐదు కిలోల కంపెనీ సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రసు రుజువు లేకపోయినా ఇస్తారు.

గది దొరికింది. ఇక కలిసి ఉండడం.

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తమదంటూ వేరే గది ఉండదు. అక్కచెల్లెళ్ళతో, తాతానానమ్మలతో కలిసి పడుకుని పెరిగినవాళ్ళే. అయినా పట్నంలో రూంమేట్‌తో ఉండడం కష్టమనిపిస్తుంది. ఎందుకంటే ఇంట్లో అన్నీ అడగకుండానే జరిగిపోతాయి. అమ్మకు తెలుసు ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరికి కారం పడదో. రూంలో ఎవరికీ తెలియదు, చెప్పందే తెలియదు. చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటం మూడు నెలలు లోపల నానుతుంది. సెమిస్టరు పరీక్షల ముందు, నిద్ర చాలని ఒక రాత్రి, కడగని కుక్కరు దగ్గర బయటపడుతుంది. అప్పుడు కుక్కరు గురించే మాట్లాడరు, పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతారు.

అందుకని సామాను దించిన మొదటి వారంలోనే, ఇంకా ఎవరి మీదా ఎవరికీ కోపం లేనప్పుడే, నలుగురూ కూచుని మాట్లాడుకోవాలి. ఎవరు ఎన్నింటికి పడుకుంటారు, లైటు ఎప్పుడు ఆర్పాలి, ఫోన్లో మాట్లాడేవాళ్ళు ఎక్కడికి వెళ్ళి మాట్లాడాలి, ఊరినుంచి ఎవరైనా వస్తే ఎన్ని రాత్రులు ఉండొచ్చు, ఎవరి సబ్బు ఎవరిది, ఎవరి చెప్పులు ఎవరివి. మాట్లాడుకుంటే నవ్వొస్తుంది, నవ్వుకుంటూనే తేల్చుకోండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా రాత్రి పన్నెండుకు రీల్స్ చూసే అలవాటు ఒక్కటి చాలు, బంగారంలాంటి స్నేహం చెడడానికి.

డబ్బు లెక్కకు ఇప్పుడు ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, ఫోన్‌పేలో పంపేసుకోవచ్చు. అయినా గోడకు మేకు కొట్టి, దారంతో ఒక నోటుబుక్కు, పెన్ను వేలాడదీసిన గదుల్లో తగాదాలు తక్కువ. పాలు ఎవరు తెచ్చారో, ఉల్లిగడ్డలు ఎవరు తెచ్చారో తెచ్చినవాళ్ళు తెచ్చిన పూటే రాస్తారు, నెలాఖరున నలుగురి ముందూ కూడుతారు. ఫోన్లో లెక్క ఒకరి దగ్గరే ఉంటుంది, గోడ మీది లెక్క అందరి కంటికీ ఆనుతుంది. ఒకరి ఇంటినుంచి ఆ నెల డబ్బు రాలేదనుకోండి, అదీ ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. అడిగి చిన్నబుచ్చకుండా మిగతావాళ్ళు సర్దుకోవచ్చు.

వంట దగ్గర మన ప్రాంతపు పిల్లలకు ఒక బలం ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నల్లరేగడి నేలలో పండిన పప్పు త్వరగా ఉడుకుతుంది, రుచి మనకు చెప్పనక్కర్లేదు. ఇంటినుంచి పిల్లవాడు రెండు కిలోల కందిపప్పు, జొన్నపిండి, ఎల్లిపాయ కారం మూట కట్టుకుని వస్తాడు. గుంటూరు నుంచి వచ్చినవాడు గోంగూర పచ్చడి తెస్తాడు, ఆదిలాబాద్ నుంచి వచ్చినవాడు ఇంకేదో. మొదటి వారం అందరూ అన్నీ తింటారు. మూడో వారానికి "నా డబ్బా ఎవరు ఖాళీ చేసిండ్రు?" అన్న మాట వస్తుంది. ఇంటినుంచి వచ్చిన డబ్బా వెనక అమ్మ చేతి కష్టం ఉంది, అది కిరాణా సరుకులాంటిది కాదు. ఎవరి డబ్బా వాళ్ళు ఇష్టంగా విప్పి పెట్టాలి, ఇంకొకరు మూత తీయకూడదు. ఈ చిన్న మర్యాద నిలిచిన గదుల్లో డబ్బాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

మాంసం సంగతి మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. తిననివాళ్ళకు గిన్నెలు వేరుగా ఉంచుకునే హక్కు ఉంది. తినేవాళ్ళకు వండుకునే హక్కూ అంతే ఉంది. తిననివాడు తినేవాడిని తక్కువచేసి చూసినా, తినేవాడు వేళాకోళానికి అవతలివాడి కంచంలో వేసినా, ఆ గది ఆ రోజే విడిపోయినట్టు.

తాండూరు నుంచి వచ్చే నలుగురిలో ఒకరైనా ముస్లిం పిల్లవాడు ఉండడం మామూలే. రంజాన్ నెలలో అతను తెల్లవారుజామున సహరీకి లేవాలి. గదిలో మిగతావాళ్ళు ఒంటిగంటదాకా చదివి అప్పుడే పడుకుని ఉంటారు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. రాత్రే రొట్టెలు చేసి పెట్టుకుంటే, వంటమూలన చిన్న బల్బు ఒకటి తగిలించుకుంటే, అలారం ఒకేసారి మోగి ఆగితే అందరి నిద్రా నిలుస్తుంది. సాయంత్రం ఉపవాసం విడిచేవేళకు మిగతావాళ్ళు రెండు అరటిపండ్లు తెచ్చిపెడితే ఇంకేం కావాలి. తాండూరు బజారులో పుట్టి పెరిగిన పిల్లలకు ఇదంతా కొత్తగా నేర్పాలా? అక్కడ తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే దుకాణం ముందు వినబడతాయి. సేడం వైపు నుంచి వచ్చిన కన్నడ పిల్లవాడితో కూడా మనవాళ్ళు రెండు రోజుల్లో కలిసిపోతారు. ఆ గుణాన్ని పట్నం వెళ్ళాక పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

ఇంటి పని దగ్గర మగపిల్లల తల్లులకు ఒక విన్నపం. వాడు పట్నం వెళ్ళేలోగా అన్నం వండడం, గిన్నె తోమడం, బట్టలు ఉతకడం, బాత్రూం కడగడం నేర్పి పంపండమ్మా. మూడు వారాలు చాలు. ఆ నాలుగు పనులు రానివాడు గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఆధారపడతాడు. మొదట ప్రేమగా చేసిపెట్టినవాడే తర్వాత విసుక్కుంటాడు.

ఆడపిల్లల విషయంలో ఇళ్ళలో భయం ఎక్కువ. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి, అదే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మన పాత కోఠీ విమెన్స్ కాలేజీకి, పిల్లను పంపే తండ్రులు "గేటు ఎన్నింటికి వేస్తరు?" అనే అడుగుతారు. గేటు ఎన్నింటికి వేస్తారన్నదానితో పాటు, పిల్లకు రాత్రి జ్వరం వస్తే ఎన్నింటికైనా తెరుస్తారా అని కూడా అడగండి. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో వీధి దీపాలున్నాయా చూడండి. రాత్రి ఎనిమిదికి ఆ దారిలో మీరే ఒకసారి నడవండి. ఏదైనా జరిగితే 112 నంబరు, పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయని పిల్లకు తెలియాలి. దానికన్నా ముందు, జరిగింది ఇంట్లో చెబితే చదువు మాన్పించరన్న నమ్మకం పిల్లకు ఉండాలి. వేధింపు గురించి ఇంట్లో చెప్పని ఆడపిల్లలు చాలామంది దేనికి భయపడతారో తెలుసా? వేధించినవాడికి కాదు, ఇంటికి పిలిపించేస్తారని.

ర్యాగింగ్ జరిగితే భరించవద్దు. యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి, ఇరవై నాలుగ్గంటలూ పనిచేసే నంబరు 1800-180-5522. హాస్టల్ కూడా ఆ నిబంధనల కిందికే వస్తుంది.

ఇంకో సంగతి. గదిలో ఒకరు నెమ్మదిగా మాటలు తగ్గించేస్తారు. మెస్‌కు రారు, తరగతికి పోరు, గోడవైపు తిరిగి పడుకుంటారు. మొదట్లో "వాడంతేలే" అనుకుంటారు. అట్లా అనుకోకండి. పట్నంలో ఆ పిల్లవాడిని రోజూ చూసేది మీరు ముగ్గురే. లెక్చరరుకు అతను హాజరు పట్టీలో ఒక నంబరు, అమ్మకు ఫోన్లో ఒక గొంతు. వెళ్ళి పక్కన కూచోండి, టీ తాగుదాం రమ్మని బలవంతంగానైనా బయటికి తీసుకుపోండి. మీకు భయమేస్తే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి-మానస్ 14416కు మీరే ఫోన్ చేసి అడగొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళకు చెప్పడం చాడీ కాదు. వానాకాలంలో డెంగీ వచ్చినా ఇంతే, ముందు గమనించేది రూంమేటే. రాత్రి ప్లేట్‌లెట్లు చూపించడానికి ఆటోలో తీసుకెళ్ళేదీ రూంమేటే.

అమెరికాకో, బ్రిటన్‌కో వెళ్ళే మన పిల్లలకు కూడా ఇదే జీవితం, చలి తోడవుతుంది. అక్కడ అపార్ట్‌మెంట్ లీజు మీద నలుగురు సంతకం పెడితే, చాలాచోట్ల మొత్తం కిరాయికి నలుగురూ బాధ్యులే. ఒకరు మధ్యలో వెళ్ళిపోతే మిగిలినవాళ్ళు కట్టాలి. కన్సల్టెన్సీవాళ్ళు చూపించిన ఫోటో చూసి, ముఖమైనా చూడని ముగ్గురితో సంతకం పెట్టే ముందు ఒక గంట వీడియో కాల్‌లో మాట్లాడండి.

ఇటు రాకడ కూడా మొదలైంది. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచాక ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో మన ఊరికి వస్తున్నారు. పట్నంలో మన పిల్లవాడిని "మీరేమిట్లు?" అని అడిగితే మనకు ఎంత నొప్పో గుర్తుంచుకుని, వికారాబాద్‌లో ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు ఆ ప్రశ్న మానేయాలని అడుగుతున్నాను.

తల్లిదండ్రులకు చివరిగా. పిల్లను దింపడానికి వెళ్ళిన రోజు వార్డెన్‌తో ఎంతసేపు మాట్లాడతారో, ఆ గదిలోని మిగతా ముగ్గురితోనూ అంతసేపు మాట్లాడండి. వాళ్ళ ఊరేదో, ఏం చదువుతున్నారో అడగండి. వాళ్ళ ఇళ్ళ ఫోన్ నంబర్లు తీసుకోండి, మీది ఇవ్వండి. సద్ది అందరికీ సరిపడా తీసుకెళ్ళండి. తర్వాత ఆ ముగ్గురికీ ఫోన్లు చేసి మన పిల్ల ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని మాత్రం ఆరా తీయకండి. మీ పిల్లను మీరే అడగండి, చెప్పేదాకా ఓపిక పట్టండి.